విల్లో కొమ్మ ఊగిందా, మనసు ఊగిందా? ‘షిజింగ్’ పాట, కన్ఫ్యూషియస్ దారి కవిత్వ చింతన

పొద్దుతిరుగుడు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. మూడు వారాలుగా నాలుగు పంక్తుల దగ్గర ఆగిపోయాను. సాయం కావాలి.

చైనా వాళ్ళ పాత పాటల సంకలనం ‘షిజింగ్’. 305 పాటలు. కన్ఫ్యూషియస్ తన శిష్యుల్ని చదవండి, చదవండి అని వెంటపడిన పుస్తకం. అందులో 167వ పాట ‘త్సాయ్ వేయ్’, అంటే ‘కూర ఏరుకుందాం’. షియెన్‌యున్ తెగలతో పోరుకి సరిహద్దుకి వెళ్ళిన సిపాయి పాట. చివరి చరణం మొదటి నాలుగు పంక్తుల్ని ఇలా తెలుగు చేశాను:

ఆనాడు నేను వెళ్ళేటప్పుడు
విల్లో కొమ్మలు వీడలేక వీడలేక
ఈనాడు నేను తిరిగొచ్చేటప్పుడు
మంచు కురిసి కురిసి

రెండో పంక్తిలో మూలంలో ఉన్నది ‘యీ యీ’. ఒకే అక్షరం రెండుసార్లు. మెత్తగా వేలాడటం, ఆనుకుని ఉండటం, విడిచి వెళ్ళలేకపోవడం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయట. ‘వీడలేక వీడలేక’ అని రాసేశాక నిద్ర పట్టలేదు. చెట్టుకి వీడలేకపోవడం ఏమిటి? ఆ బాధ సిపాయిది. దాన్ని తీసుకెళ్ళి నేనే చెట్టుకి తగిలించానా, లేక మూలంలోనే తగులుకుని ఉందా? మనసుకీ బయటి లోకానికీ మధ్య సంగతిని అక్కడి పాతవాళ్ళు ఎలా చూశారో తెలిసినవాళ్ళు చెప్పండి.

అలంకారప్రియ (ఆదివారం, రాత్రి 10:25)

అమ్మా, మంచి ప్రశ్న వేశావు. ముప్పై ఏళ్ళు కళాశాలలో సంస్కృతం చెప్పినవాణ్ణి, నాకు తెలిసిన దారిలో చెబుతాను.

మన లెక్కలో ఆ విల్లో ఉద్దీపన విభావం. సిపాయి మనసులో ఇంటి మీద ప్రేమ ముందే ఉంది. అది స్థాయి. వెన్నెల, కోయిల కూత, మలయమారుతం లాంటివి దాన్ని రగిలిస్తాయి. అక్కడ విల్లో అదే పని చేస్తోంది. ఇక చెట్టు మీద మనిషి ప్రవర్తనను ఆరోపించడం అంటావా, అది సమాసోక్తి. మన కావ్యాల నిండా ఉంది. కాబట్టి ‘వీడలేక’ అనడంలో దోషమేమీ లేదు. నిశ్చింతగా ఉంచుకో.

మంచుదారి (సోమవారం, ఉదయం 6:15)

మాస్టారికి నమస్కారం. ఆరేళ్ళుగా నాంజింగ్‌లో ఉంటున్నాను, పాత చైనీస్ ఇక్కడే చదువుకున్నాను. మీ మాటలో సగం ఒప్పుకుంటాను, మిగతా సగం దగ్గర ఆగుతాను.

షిజింగ్ మనదాకా పూర్తిగా వచ్చింది మావ్ అనే పాత వ్యాఖ్యాతల సంప్రదాయం వాళ్ళు నిలిపిన పాఠంలో. మొదటి పాటకి ముందు వాళ్ళ పీఠిక ఒకటి ఉంది, ‘మహాపీఠిక’ అంటారు. కన్ఫ్యూషియస్ శిష్యుడు జిషియా రాశాడని ఒక మాట, క్రీ.శ. 1వ శతాబ్దపు వేయ్ హోంగ్ రాశాడని ఇంకో మాట. అందులో ఇలా ఉంటుంది: ‘మనసులో ఉంటే అది జి. మాటగా వెలువడితే కవిత్వం.’ జి అంటే మనసు తిరిగిన దిక్కు, సంకల్పం అనుకోండి. తర్వాత ఇలా: ‘లోపల ఛింగ్ కదిలి మాటలో రూపు కడుతుంది. మాట చాలక నిట్టూరుస్తాం. నిట్టూర్పు చాలక పాడతాం. పాట కూడా చాలకపోతే మనకి తెలియకుండానే చేతులు ఆడతాయి, కాళ్ళు గంతులేస్తాయి.’ ఛింగ్ అంటే అనుభూతి.

సరే, లోపల కదిలింది. కదిపిందెవరు? దానికి జవాబు ‘లీజీ’ అనే ఆచార గ్రంథంలోని సంగీత ప్రకరణంలో దొరుకుతుంది. ‘స్వరం పుట్టేది మనిషి మనసులోంచి. మనసు కదిలేది ఊ వల్ల.’ ఊ అంటే బయట ఉన్నది ఏదైనా: చెట్టు, ఎండ, పిట్ట, యుద్ధం. మనిషి పుట్టుకతో నిశ్చలం, ఊ తాకితే కదులుతాడు అని కూడా అక్కడే ఉంది.

ఇక్కడే మాస్టారితో నా తేడా. రసం లెక్కలో స్థాయీభావం ముందే ఉంది, విల్లో దాన్ని రగిలించింది. నాటకంలోనో కావ్యంలోనో సామాజికుడికి, అంటే చూసేవాడికో చదివేవాడికో, రసం అందడానికి కవి విల్లోని అక్కడ పెట్టాడు. వీళ్ళ లెక్కలో విల్లోని కవి పెట్టలేదు. అది ఫలానా ఊళ్ళో, ఫలానా వసంతంలో, ఫలానా మనిషి కంటపడింది. మనసు కదిలింది. పాట ఆ కదలిక మిగిల్చిన అచ్చు. అందుకే వాళ్ళు పాటని కట్టుకథలా చదవరు. ఆ రోజు ఆ మనిషికి ఏమైందో ఇందులో తెలుస్తుంది అన్న నమ్మకంతో చదువుతారు.

పొద్దుతిరుగుడు గారూ, మీ ‘వీడలేక’ నాకు కొంచెం ఎక్కువైంది. చెట్టు చేతిలోంచి దాని పని లాగేసుకున్నారు.

పొద్దుతిరుగుడు (సోమవారం, ఉదయం 8:05)

‘చెట్టు చేతిలోంచి దాని పని లాగేసుకున్నారు’. ఇది చదివి ఆఫీసు బస్సు తప్పిపోయింది. ఇంకాస్త వివరంగా చెప్పండి, దయచేసి. చెట్టు పని ఏమిటి అసలు?

మంచుదారి (సోమవారం, రాత్రి 7:50)

మహాపీఠిక కవిత్వానికి ఆరు అంగాలు చెబుతుంది. వాటిలో మూడు చెప్పే పద్ధతులుగా నిలిచాయి: ఫూ, బీ, షింగ్. ఫూ అంటే ఉన్నదున్నట్టు చెప్పడం. బీ అంటే పోల్చడం. మూడోదైన షింగ్ మీద రెండు వేల ఏళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మాటకి లేవడం, లేపడం అని అర్థం. 12వ శతాబ్దపు పండితుడు జూ షీ దాన్ని ఇలా చెప్పాడు: ముందు ఇంకో వస్తువు గురించి మాట్లాడి, దాంతో పాడదలచిన మాటని లేపడం.

మొదటి పాట ‘గ్వాన్ జ్యూ’ చూడండి. ‘గ్వాన్ గ్వాన్ అంటున్నాయి చేపలగద్దలు, ఏటి నడుమ లంక మీద.’ ఆ వెంటనే: ‘నెమ్మదైన మంచి పిల్ల, పెద్దింటి అబ్బాయికి తగిన జోడు.’ రెండిటి మధ్య ‘వలె’ లేదు, ‘లాగా’ లేదు. గద్ద అరిచింది, మనిషి మనసు లేచింది. అంతే.

ఇంకోటి, ఆరో పాట, పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళే పాట. మొదటి చరణంలో పీచ్ చెట్టు ధగధగా పూసింది. రెండో చరణంలో కాయలు నిండాయి. మూడో దానిలో ఆకు దట్టమైంది. ప్రతి చరణంలోనూ పిల్ల అదే, మెట్టినింటికి వెళ్ళడమూ అదే. ఆ పిల్ల పీచ్ లాంటిది అని పాట ఎక్కడా అనదు. మొదటి చూపులో పువ్వు, మూడో చూపులో ఆకు. ఆ నడుమ ఆ పిల్ల సంసారం ఎంత సాగిందో వినేవాడే అందుకోవాలి.

మీ పాటలోనూ ఇదే ఉంది, గమనించారా? మొదటి చరణంలో సిపాయిలు ఏరుకునే అడవి కూర అప్పుడే మొలకెత్తింది. రెండో చరణంలో లేతగా ఉంది. మూడో చరణానికి ముదిరి గట్టిపడింది. ‘నెలలు గడిచాయి’ అనే మాట కూర చేతే చెప్పించాడు.

రేగడి (సోమవారం, రాత్రి 10:30)

చదువుతున్నంతసేపు బాగానే ఉంది. కానీ ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. మీరు చూపించేదంతా పాటల అందం. కన్ఫ్యూషియస్ పేరు చెప్పుకున్న పండితులు ఆ పాటల్ని ఏం చేశారో కూడా చెప్పండి. ఏటి ఒడ్డున అమ్మాయి కోసం తపించే పాటని ‘రాణిగారి సౌశీల్యం’ అని రాసింది ఆ మావ్ పీఠికే కదా? చేపలగద్దలు కూడా ఎడం పాటించే మర్యాదస్తులైపోయాయి ఆ వ్యాఖ్యలో. పైగా ఆ పీఠికలోనే ఇంకో వాక్యం ఉంది: అనుభూతిలోంచి బయల్దేరాలి, ఆచారం దగ్గర ఆగాలి. బయటి లోకం మనసుని కదిపితే కదపనివ్వండి, కానీ హద్దు మేం గీస్తాం అనే కదా దాని సారం? ఇది కవిత్వ సిద్ధాంతమా, కాపలా ఉద్యోగమా?

మంచుదారి (మంగళవారం, ఉదయం 6:40)

రేగడి గారు అన్నదాంట్లో నిజం ఉంది. దాన్ని దాచను. జూ షీయే ఆ పీఠికల్ని పక్కన పెట్టేశాడు. ప్రేమ పాటని ప్రేమ పాటగానే చదివాడు, చదివి వాటిలో కొన్నిటిని తప్పుపట్టాడు, అది వేరే సంగతి.

కానీ ‘ఆచారం దగ్గర ఆగడం’ అన్న మాటని పాటలోనే పెట్టి చూద్దాం. 76వ పాట. జోంగ్‌జీ అనే కుర్రాడితో ఒక పిల్ల అంటుంది:

జోంగ్‌జీ, దండం పెడతా, మా వాడ గోడ దూకకు
నేను నాటిన చెట్ల కొమ్మలు విరిచెయ్యకు
చెట్ల మీద ప్రేమ కొద్దీ అంటున్నానా
మా అమ్మానాన్నలంటే భయం
నువ్వంటే మనసు పడుతుంది
అమ్మానాన్న అనే మాటలన్నా భయం వేస్తుంది

రెండో చరణంలో ఇంటి గోడ, మల్బరీ చెట్టు, అన్నలంటే భయం. మూడో దానిలో తోట గోడ, ఇంకో చెట్టు, నలుగురి నోళ్ళంటే భయం. చూడండి, కుర్రాడు ప్రతిసారీ ఇంకాస్త లోపలికి వస్తున్నాడు, భయం ఇంకాస్త బయటికి పాకుతోంది. ఆ పిల్ల ‘రాకు’ అంటోందా, ‘రా’ అంటోందా? ఆగడం అంటే నోరు నొక్కడం అనుకుంటే ఈ పాట అర్థం కాదు. అనుభూతి ఒక గోడకి తగిలింది, తగిలిన చప్పుడే పాటైంది. గోడ కూడా ఊయే, బయటి వస్తువే.

రేగడి (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

గోడ కూడా ఊ. ఇది ఒప్పుకుంటాను. మీరు చెప్పాక వెతికి చదివాను. మరి ఊ అంటే పూలూ పిట్టలే కాదన్నమాట. పన్నులు కూడానా? పన్నులు గుంజేవాళ్ళని ఎలుక అని తిట్టే 113వ పాట నాకు మొదట్నుంచీ ఇష్టం. ‘పెద్దెలుకా, పెద్దెలుకా, మా జొన్న తినకు. మూడేళ్ళు నిన్ను మేపాం, మా మొహం చూడవు. నిన్ను వదిలేసి పోతాం, ఆ సంతోషపు నేలకి పోతాం.’ ఇది కూడా ఊ తాకి కదిలిన మనసేనా?

మంచుదారి (మంగళవారం, రాత్రి 8:20)

అదే అసలు మాట. మహాపీఠికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే చోటు ఇది: కుదురుగా ఉన్న కాలపు పాటలో నెమ్మది, సంతోషం ఉంటాయి, ఎందుకంటే పాలన సజావుగా ఉంది. కల్లోల కాలపు పాటలో నిష్ఠూరం, కోపం ఉంటాయి, ఎందుకంటే పాలన అడ్డదారి పట్టింది. కూలిపోయిన రాజ్యపు పాటలో దుఃఖం, బెంగ ఉంటాయి, ఎందుకంటే జనం కష్టాల్లో ఉన్నారు. అంటే వాళ్ళకి బయటి లోకంలో విల్లో, మంచు, పన్ను, యుద్ధం అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. వసంతం మనసుని కదిపినట్టే పాలన కూడా కదుపుతుంది. కదిలిన మనసు అబద్ధం ఆడదు కాబట్టి పాట వింటే రాజ్యం ఎలా ఉందో తెలుస్తుంది. వసంత మాసం మొదట్లో అధికారులు కొయ్య నాలుక ఉన్న గంట మోగిస్తూ ఊళ్ళ దారుల్లో తిరిగి పాటలు పోగుచేసేవారని ‘హాన్ షూ’ చరిత్రలో రాసి ఉంది.

షిజింగ్‌లో మొదటి భాగం, 160 పాటలు, పేరు ‘ఫెంగ్’. ఫెంగ్ అంటే గాలి. పైవాళ్ళు ఆ గాలితో కిందివాళ్ళని మలుస్తారు, కిందివాళ్ళు ఆ గాలితోనే పైవాళ్ళని పొడుస్తారు అంటుంది పీఠిక. దాని తర్వాతి మాట: ‘చెప్పినవాడికి దోషం లేదు, విన్నవాడికి హెచ్చరిక.’ మీరు కాపలా అన్నారు. ఆ కాపలాదారు చేతిలో ఈ వాక్యం కూడా ఉంది.

తంబుర (బుధవారం, ఉదయం 11:00)

సంగీత ప్రకరణం పేరు చూసి ఆగాను. వయొలిన్ నేర్పుతాను, విజయవాడలో. ఆ ప్రకరణాన్ని ఇంగ్లీషులో చదివాను, అందులో ఒక చోటు నా గది గోడకి రాసి పెట్టుకున్నాను. దుఃఖం తాకిన మనసు చప్పుడు చిన్నదై త్వరగా ఆరిపోతుంది. సంతోషం తాకితే విశాలంగా, నిదానంగా. కోపం తాకితే మోటుగా, పదునుగా. ప్రేమ తాకితే మెత్తగా, కలుపుగోలుగా. ఈ భావాలు పుట్టుకతో వచ్చినవి కావు, ఊ తాకాక కదిలినవి అని కూడా ఉంది.

పిల్లలకి కమాను పట్టడం నేర్పేటప్పుడు నాకు ఇది నిజమని తెలుస్తుంది. తీగ మీద ఎంత బరువు వేస్తున్నారో చూస్తే, ఆ ఉదయం ఇంట్లో ఏమైందో చెప్పేయగలను. ఒక పిల్ల రెండు వారాలపాటు ప్రతి స్వరాన్నీ మధ్యలోనే వదిలేసింది. కమాను సగం గీసి ఎత్తేసేది. నేను తిట్టలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉందట. చప్పుడు త్వరగా ఆరిపోవడం అంటే అదే.

కానీ అక్కడే దీన్ని కాదన్నవాడూ ఉన్నాడు. జీ కాంగ్, 3వ శతాబ్దం. ‘స్వరంలో దుఃఖమూ లేదు, సుఖమూ లేదు’ అని వ్యాసమే రాశాడు. మద్యంలో తీపీ చేదూ ఉంటాయి, తాగినవాడికి కోపమో సంతోషమో వస్తుంది, అంతమాత్రాన మద్యంలో కోపం ఉందని అంటామా అని అతని వాదం. తను గొప్ప వాద్యకారుడు. పాలకులు మరణశిక్ష వేస్తే చనిపోయే ముందు చిన్ అనే తీగ వాద్యం తెప్పించుకుని వాయించాడట. మరి స్వరంలో ఏమీ లేకపోతే ఆఖరి గడియలో అది ఎందుకు కావాల్సి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను వదలదు.

మంచుదారి గారూ, కన్ఫ్యూషియస్ దారిలో దీనికి జవాబు ఉందా?

మంచుదారి (బుధవారం, రాత్రి 9:10)

తంబుర గారూ, జవాబు జీ కాంగ్ కన్నా ముందే నేలలో పాతిపెట్టి ఉంది. 1993లో హూబే ప్రాంతంలో గువోదియాన్ దగ్గర ఒక సమాధిలో వెదురు బద్దల మీద రాసిన గ్రంథాలు దొరికాయి, క్రీ.పూ. 300 ప్రాంతానివి. వాటిలో ఒకటి ‘స్వభావం విధి నుంచి వస్తుంది’ అనే పేరుతో పిలిచే గ్రంథం. సంతోషం, కోపం, దుఃఖం అన్నవాటి ఊపిరి మన స్వభావంలోనే ఉంది, అది బయటపడితే ఊ దాన్ని లాగినట్టే అంటుంది. కంచుకీ రాతికీ శబ్దం ఉంది అన్న పోలిక వస్తుంది అక్కడ. ఆ చోట బద్ద పాడైంది, పండితులు పూరించిన పాఠం ఇది: కొట్టకపోతే మోగవు.

అంటే గంటలో శబ్దం ఉందా, కర్రలో ఉందా? రెండిట్లోనూ లేదు అనొచ్చు, రెండిట్లోనూ ఉంది అనొచ్చు. తాకినప్పుడు ఉంది. జీ కాంగ్ కర్రని విడిగా పట్టుకుని ఇందులో శబ్దమేదీ అని అడిగాడని నాకనిపిస్తుంది.

అలంకారప్రియ (గురువారం, ఉదయం 5:30)

నాలుగు రోజులుగా చదువుతున్నాను. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను. మొదటి రోజు నేను తొందరపడ్డాను, ఆ మాట ముందు చెప్పాలి.

మనకీ ఒక పక్షి ఉంది. తమసా నది ఒడ్డున క్రౌంచం పడిపోతే మునికి కలిగిన శోకం శ్లోకమైంది. అచ్చంగా మంచుదారి చెప్పే కథ లాగే ఉంది కదా: బయట ఒకటి జరిగింది, లోపల కదిలింది, మాటైంది. కానీ మనవాళ్ళు అక్కడ ఆగలేదు. అభినవగుప్తుడు దీన్ని వ్యాఖ్యానిస్తూ, ఆ శోకం మునిది అనుకోరాదు అని ఖండితంగా చెబుతాడు. ముని సొంత దుఃఖంలో ఉంటే కావ్యం పుట్టేదే కాదు. అది ఎవరి సొంతమూ కాని ఆస్వాదంగా మారితేనే శ్లోకం. మనవాళ్ళు శోకాన్ని మునినుంచి విడదీసి రసం చేశారు. వాళ్ళు విడదీయలేదు. సిపాయి బాధ సిపాయిదే, విల్లో ఆ ఊరి విల్లోయే. ఇది తక్కువా అది ఎక్కువా అని కాదు. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకుని పాఠం చెప్పాను. ఇకమీద అలా చెప్పలేను.

మాజీ హవల్దార్ (గురువారం, రాత్రి 8:45)

పెద్దలందరికీ నమస్కారం. మూడేళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నాకు సంస్కృతం రాదు, చైనీస్ రాదు. సైన్యంలో 24 ఏళ్ళు చేశాను, ప్రకాశం జిల్లా మాది. ఆ చెల్లెమ్మ రాసిన నాలుగు పంక్తులు చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మొదటిసారి ట్రైనింగుకి పోయినప్పుడు మా ఊరి రోడ్డు మలుపులో కానుగ చెట్టు అప్పుడే చిగురేసింది. కానుగ చిగురు చూశారో లేదో, కొత్తాకు మీద నూనె రాసినట్టు మెరుస్తుంది. బస్సు ఎంతకీ రాలేదు. మా అమ్మ చెట్టు కింద నిలబడింది. ఆమె ఏదో చెబుతోంది, నేను వినలేదు, చిగురు చూస్తున్నాను. ఆ పొద్దు ఎండ ఎంత బాగుందో చెప్పలేను. ఊరంతా పండగలా ఉంది. అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. వాన పడుతూనో, గాలి దుమ్ముతోనో ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

తర్వాత ఉత్తరాన మంచులో పోస్టింగు. మా అమ్మ పోయిందని తెలిసి వచ్చేసరికి మూడో రోజు. అదే మలుపులో దిగాను. కానుగ ఆకంతా రాల్చి మోడులా ఉంది. ఇప్పటికీ అమ్మ అంటే నాకు మొహం ముందు గుర్తు రాదు, ఆ చిగురు మెరుపు గుర్తొస్తుంది. ఇందులో చెట్టు బాధపడిందా, నేను బాధపడ్డానా అంటే నేను చెప్పలేను. చెట్టు తన పని తను చేసుకుంది. చిగురేసింది, రాల్చింది.

తప్పుంటే క్షమించాలి.

మంచుదారి (గురువారం, రాత్రి 10:55)

అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

17వ శతాబ్దంలో వాంగ్ ఫూజి అని ఒకాయన. 1619లో పుట్టాడు, ఆయన కళ్ళ ముందే మింగ్ రాజ్యం కూలిపోయింది. హూనాన్ కొండల్లో ఉండిపోయి కన్ఫ్యూషియస్ గ్రంథాల మీద వ్యాఖ్యలు రాస్తూ బతికాడు. ఈ నాలుగు పంక్తుల గురించే రాశాడు: సంతోషపు దృశ్యంతో దుఃఖాన్ని, దుఃఖపు దృశ్యంతో సంతోషాన్ని రాస్తే, ఆ దుఃఖమూ ఆ సంతోషమూ రెట్టింపవుతాయి. పోరుకి వెళ్ళే రోజు విల్లో పచ్చగా ఉంది. ఇంటికి వచ్చే రోజు మంచు. ఎండ బాగున్నందుకే ఎక్కువ ఏడుపొచ్చింది అని మీరు రాశారు. ఆయన చెప్పింది అదే.

ఇంకో చోట ఆయనే అంటాడు: ఛింగ్, జింగ్ అని పేర్లు రెండు, విడదీయడం మాత్రం కుదరదు. ఛింగ్ అనుభూతి, జింగ్ దృశ్యం. పలకడంలో కూడా ఎంత దగ్గరో వినండి.

ఈ పంక్తులకి ఇంకో ముచ్చట ఉంది. 4వ శతాబ్దంలో షియే ఆన్ అనే పెద్ద మంత్రి ఇంటి పిల్లలందరినీ కూర్చోబెట్టి, షిజింగ్‌లో అన్నిటికన్నా మంచి పంక్తి ఏది అని అడిగాడు. తమ్ముడి... కాదు, అన్న కొడుకు షియే శ్వాన్ ఈ విల్లో పంక్తులే చెప్పాడు. మంత్రి మాత్రం రాజ్యాలోచన గురించిన వేరే పంక్తిని మెచ్చుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత 383లో ఫేయ్ నది యుద్ధంలో సైన్యాన్ని నడిపాడు. సిపాయి పాటని ఎంచుకున్నవాడు సేనాని అయ్యాడు.

రేగడి (శుక్రవారం, ఉదయం 9:20)

హవల్దార్ గారూ, ‘చెట్టు తన పని తను చేసుకుంది’. నేను ఈ చర్చలో గొడవకే దిగాను, ఆ వాక్యం దగ్గర దిగిపోయాను. ఒక్క సందేహం మిగిలింది మంచుదారి గారూ. మరి కవి చెట్టుకి కన్నీళ్ళు పెట్టించడం అక్కడ అస్సలు లేదా?

మంచుదారి (శుక్రవారం, రాత్రి 7:30)

ఉందో లేదో తేల్చలేని చోటు ఒకటుంది. దూ ఫూ అనే కవి, 757వ సంవత్సరం. తిరుగుబాటుదారులు పట్టుకున్న చాంగాన్ నగరంలో చిక్కుకుపోయి రాశాడు. ‘రాజ్యం విరిగింది, కొండలూ నదులూ ఉన్నాయి. నగరంలో వసంతం, గడ్డీ చెట్లూ దట్టంగా ఉన్నాయి.’ మూడో పంక్తిని పదం పదంగా చెబితే: కాలం తాకి, పువ్వు, చిలకరించు, కన్నీరు. కర్త ఎవరో లేదు. నేను పువ్వుల మీద కన్నీళ్ళు చిలకరించానా, పువ్వే కన్నీళ్ళు రాల్చిందా? పాత చైనీస్ ఆ సందు మూయదు. తెలుగులో క్రియ చివర ‘ను’ అనో ‘ది’ అనో పెట్టక తప్పదు, అక్కడ మనం చిక్కుకుంటాం.

ఆ సందులో ఏం జరుగుతుందో చెప్పినవాడు క్రీ.శ. 500 ప్రాంతపు ల్యూ షియే. నేనుండే ఈ నాంజింగ్ పేరు అప్పట్లో జియాన్‌కాంగ్, ఆయన ఇక్కడి బౌద్ధ విహారంలో సన్యాసుల దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నాడు. అయినా ఎర్ర లక్క పూసిన పూజాపాత్రలు పట్టుకుని కన్ఫ్యూషియస్ వెనకాల దక్షిణానికి నడుస్తున్నట్టు కల వచ్చిందని రాసుకున్నాడు, ఆ కలతోనే 50 అధ్యాయాల పుస్తకం మొదలుపెట్టాడు. 46వ అధ్యాయం అంతా ఇదే సంగతి. ‘ఒక ఆకు చాలు మనసుని తాకడానికి, ఒక పురుగు రొద చాలు లాగడానికి’ అంటాడు. మీ ‘యీ యీ’ గురించీ అక్కడ ఉంది పొద్దుతిరుగుడు గారూ: ‘యీ యీ’ అన్న రెండక్షరాల్లో విల్లో రూపం మొత్తం వచ్చేసిందట. రూపం అన్నాడు, బాధ అనలేదు. అధ్యాయం చివర నాలుగు ముక్కలు:

కళ్ళు వెళ్ళి తిరిగొచ్చాక
మనసు ఊపిరి వదిలి, పీల్చుకుంటుంది
...
అనుభూతి వెళ్తుంది, కానుక పంపినట్టు
షింగ్ వస్తుంది, బదులు పలికినట్టు

పొద్దుతిరుగుడు (శనివారం, ఉదయం 7:10)

‘వీడలేక’ కొట్టేశాను. చెట్టు రూపమే చెప్పాలి, మిగతాది వచ్చేవాడికి వస్తుంది. కానీ ఏ మాట? ‘ఊగుతూ’ చప్పగా ఉంది. ‘రెపరెపలాడుతూ’ అంటే ఆకు చిన్నదైపోతుంది, కొమ్మ పొడుగు పోతుంది. ‘వేలాడుతూ’ అంటే ప్రాణం లేదు. రాత్రంతా చూశాను.

తంబుర (శనివారం, ఉదయం 8:30)

రెండు అక్షరాలు మళ్ళీ మళ్ళీ రావాలి కదా. ‘జాలుజాలుగా’?

మాజీ హవల్దార్ (శనివారం, ఉదయం 10:05)

చెల్లెమ్మా, ఆ విల్లో చెట్టుని కాశ్మీర్‌లో చూశాను నేను. కాలవ గట్టున ఉంటుంది. కొమ్మలు కిందకి దిగి నీళ్ళ మీద, దారి మీద రాసుకుంటూ ఉంటాయి. నడిచేటప్పుడు భుజానికి తగులుతాయి. మా వైపు ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు నేలకి తగులుతుంటే జీరాడుతున్నాయి అంటారు. మా అమ్మ అనేది, కుచ్చెళ్ళు జీరాడుతున్నాయి ఎత్తి కట్టుకో అని మా అక్కతో. ఆ మాట పనికొస్తుందేమో చూడు.

పొద్దుతిరుగుడు (శనివారం, ఉదయం 10:40)

ఆనాడు నేను వెళ్ళేటప్పుడు
విల్లో కొమ్మలు జీరాడి జీరాడి
ఈనాడు నేను తిరిగొచ్చేటప్పుడు
మంచు కురిసి కురిసి

దారి సాగదు, సాగదు
దాహం ఒకటి, ఆకలి ఒకటి
నా మనసు నొచ్చి ఉంది
నా దుఃఖం ఎవరికీ తెలీదు

అన్నా, ఈ మాట మీదే. మీ అమ్మగారిది.